వాంతులు, విరేచనాలైన పిల్లల్లో ఉప్పు, షుగర్ పడిపోకుండా చూసుకోవడం ఎలా

మావాడికి అప్పుడు రెండున్నరేళ్లు, బరువు 12 కిలోలు. సాయంత్రం నాలుగింటికి మొదలైన వాంతులు రాత్రి తొమ్మిదయ్యేసరికి ఏడో ఎనిమిదో అయ్యాయి, మధ్యమధ్యలో నీళ్ల విరేచనాలు. ఏం పెట్టినా కక్కేస్తున్నాడని మా అత్తమ్మ "లంఖణం పరమౌషధం అన్నారు, కడుపుకి కాస్త రెస్ట్ ఇవ్వండి" అంది. మాకూ అదే నిజమనిపించి, దాహమన్నప్పుడల్లా కాచి చల్లార్చిన నీళ్లు పట్టించి పడుకోబెట్టాం. కదలకుండా నిద్రపోతుంటే హమ్మయ్య తగ్గిందనుకున్నాం. తెల్లవారి ఐదున్నరకి చూస్తే మెడ వెనక చల్లటి చెమట, పిలిస్తే కళ్లు సగం తెరిచి మళ్లీ మూసేస్తున్నాడు. మా మామగారి షుగర్ మిషన్ అల్మారాలోనే ఉంది, ఎందుకో తట్టి వేలు గుచ్చి చూస్తే 43. హాస్పిటల్లో సోడియం 128, పొటాషియం 3.1 అని వచ్చింది.

ఆ అంకెల్లో రెండు మేం చేతులారా తెచ్చుకున్నవే. తిండి ఆపితే షుగర్ పడింది, ఉత్త నీళ్లు పోస్తే సోడియం పలచబడింది. అందుకే ఇది రాస్తున్నాను. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకి ఇంట్లో ఏం చేయాలో, ఎక్కడ ఆపి పరుగెత్తాలో చెప్తాను. రెండు నెలల లోపు పసిబిడ్డకైతే ఇది చదువుతూ కూర్చోకండి, నేరుగా పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఆరు నెలల లోపు వాళ్లనీ అదే రోజు చూపించాలి.

ముందు లోపల ఏం జరుగుతోందో తెలియాలి

నీళ్ల విరేచనంతో పోయేది నీళ్లు మాత్రమే అనుకుంటాం. దాంతోపాటు సోడియం, పొటాషియం, బైకార్బొనేట్ అనే క్షారం కూడా పోతాయి. రక్తంలో సోడియం మామూలుగా 135 నుంచి 145 మధ్య ఉంటుంది. పోయిన ఉప్పుకి బదులు ఉత్త నీళ్లో, గ్లూకోజ్ పొడి కలిపిన నీళ్లో పోస్తే అది పలచబడి కిందికి దిగుతుంది, మెదడు కణాల్లోకి నీళ్లు చేరతాయి, బిడ్డ మత్తుగా అయిపోతాడు, మరీ తగ్గితే ఫిట్స్ వస్తాయి. దీనికి తలకిందులుగా, ఓఆర్‌ఎస్‌ని చిక్కగా కలిపినా, డబ్బాపాలు లెక్కకంటే ఎక్కువ స్కూపులు వేసి కలిపినా సోడియం పెరిగిపోతుంది. ఇది ఇంకా మోసకారి. నీళ్లు కణాల్లోంచి రక్తంలోకి వచ్చేస్తాయి కాబట్టి బిడ్డ పెద్దగా ఎండిపోయినట్టు కనిపించడు, చర్మం పిండిముద్దలా మెత్తగా ఉంటుంది, ఊరికే చిరాకు పడుతూ కీచుగా ఏడుస్తాడు.

పొటాషియం 3.5 కంటే తగ్గుతూ పోతే కండరాలు వదులవుతాయి. మెడ నిలపలేకపోవడం, పొట్ట ఉబ్బరించి గట్టిగా అవడం, పేగులు కదలక విరేచనాలు "ఆగిపోయినట్టు" అనిపించడం దాని పనే కావచ్చు. ఇక క్షారం పోతే రక్తం ఆమ్లంగా మారుతుంది. జ్వరమూ జలుబూ లేకుండా లోతుగా, వేగంగా ఊపిరి తీస్తున్నాడంటే అనుమానించాల్సింది దాన్నే.

షుగర్ కథ వేరు. మనకి ఒక పూట తిండి లేకపోతే కాలేయంలో దాచుకున్న నిల్వ ఆదుకుంటుంది. చిన్నపిల్లలకి ఆ డబ్బా చాలా చిన్నది, ఖర్చు చూస్తే ఎక్కువ, ఎందుకంటే ఒంటితో పోలిస్తే మెదడు పెద్దది, అది ఆగకుండా గ్లూకోజ్ అడుగుతూనే ఉంటుంది. పది కిలోల బిడ్డకి గంటకి సుమారు 3 గ్రాముల గ్లూకోజ్ కావాలి. ఒక 200 మిల్లీలీటర్ల గ్లాసు ఓఆర్‌ఎస్‌లో ఉండేది 2.7 గ్రాములు. గ్లాసు మొత్తం తాగించినా గంట ఖర్చుకి కూడా సరిపోదు! అంటే ఓఆర్‌ఎస్ ఉప్పు కోసం, షుగర్ నిలబెట్టేది మాత్రం తిండే. నాకీ ఒక్క ముక్క ఆ రాత్రి తెలిసుంటే బాగుండేది.

మరి ఓఆర్‌ఎస్‌లో గ్లూకోజ్ ఎందుకు వేశారంటారా? అది బలానికి కాదు. పేగు గోడలో గ్లూకోజ్, సోడియం జంటగా లోపలికి వెళ్లే దారి ఒకటుంది, విరేచనాలవుతున్నా ఆ దారి చాలావరకు తెరిచే ఉంటుంది, ఆ రెండిటి వెనకే నీళ్లు వెళ్తాయి. పాళ్లు తప్పి తీపి ఎక్కువైతే ఆ తీపే నీళ్లని పేగులోకి గుంజి విరేచనాలు పెంచుతుంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు పశ్చిమ బెంగాల్‌లోని బన్గావ్ శరణార్థి శిబిరంలో కలరా విరుచుకుపడి సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ డ్రమ్ముల్లో ఉప్పు, గ్లూకోజ్, సోడా కలిపిన నీళ్లు పంచారు. దగ్గర దగ్గర 30 శాతం ఉన్న మరణాలు 4 శాతం లోపుకి వచ్చాయి. ఇప్పుడు మనం వాడే పాళ్లు 2002లో డబ్ల్యూహెచ్‌ఓ, యునిసెఫ్ ఇంకాస్త పలచన చేసి సరిదిద్దినవి.

అడుగు 1: గడియారం, బరువు, పొట్ట మీద చర్మం

మొదటి వాంతి ఎన్నింటికి, చివరిగా కడుపులో నిలిచిన తిండి ఏంటి, మూత్రం ఎప్పుడు పోశాడు, ఈ మూడూ ఫోన్‌లో రాసిపెట్టుకోండి. డాక్టర్ మొదట అడిగేవి ఇవే, ఆ టెన్షన్‌లో ఎవరికీ గుర్తుండవు. బరువు చూసే వీలుంటే వెంటనే చూడండి. పది కిలోల బిడ్డ ఒక్క రోజులో అరకిలో తగ్గాడంటే ఆ తగ్గిందంతా నీళ్లే.

బొడ్డుకీ పక్కకీ మధ్యలో పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్లతో నిలువుగా పట్టి వదలండి. టక్కున సర్దుకుంటే పర్వాలేదు. మెల్లగా సర్దుకోవడం, కళ్లు గుంటలు పడటం, ఆత్రంగా తాగడం, ఊరికే గునవడం కనిపిస్తే కొంత డీహైడ్రేషన్ ఉన్నట్టు. మడత రెండు సెకన్ల కంటే ఎక్కువసేపు అలాగే నిలిచినా, బిడ్డ వాలిపోతున్నా, తాగలేకపోయినా ఇంట్లో ఇంక చేసేదేం లేదు, 108కి ఫోన్ చేయండి. ఏడాది లోపు పిల్లలకి నెత్తి మీద మాడు గుంట పడిందేమో కూడా తడిమి చూడాలి. డైపర్ వేస్తే విరేచనమో మూత్రమో తెలియకుండా పోతుంది, ఆ ఒక్కరోజు తీసేసి పాత నూలు గుడ్డ వేయండి. ఉతుకుడు ఎక్కువే కానీ లెక్క తెలుస్తుంది.

అడుగు 2: సరైన ఓఆర్‌ఎస్, సరైన నీళ్లు

మెడికల్ షాపులో "ఓఆర్‌ఎస్ ఇవ్వండి" అంటే ఆపిల్, ఆరెంజ్ ఫ్లేవర్ టెట్రా ప్యాక్ చేతిలో పెట్టడం మనందరికీ అనుభవమే. వాటిలో చాలావరకు తీపి డ్రింకులే. ఈ పేరుతో జరిగే మోసం మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆహార పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అన్న మాట వాడకూడదని ఆదేశాలిచ్చింది. అయినా మీరు లేబుల్ చదవండి. లీటరుకి సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5, సోడియం సిట్రేట్ 2.9, గ్లూకోజ్ 13.5 గ్రాములు ఉండాలి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్ నంబర్ కనిపిస్తే అది తినుబండారాల కిందికి వచ్చే సరుకు, మందు కాదు. ఇంత వెతుకులాట వద్దనుకుంటే ఆశా కార్యకర్తనో, దగ్గర్లోని పీహెచ్‌సీలోనో అడగండి, ప్యాకెట్ ఉచితంగా ఇస్తారు.

పెద్ద ప్యాకెట్ ఒక లీటరుకి. సీలు తీసిన లీటరు నీళ్ల సీసాలో ప్యాకెట్ మొత్తం పోసేస్తే కొలత తప్పే ప్రసక్తే లేదు. చిన్న ప్యాకెట్ 200 మిల్లీలీటర్లకి, ఇక్కడే పొరపాటు జరుగుతుంది, ఎందుకంటే మన ఇళ్లలో స్టీలు గ్లాసుల్లో ఏ రెండూ ఒక సైజులో ఉండవు. పాలసీసా మీదున్న గీతలతో కొలవండి. "కాస్త చిక్కగా ఉంటే బలం" అని సగం నీళ్లలో కలపడం, పెద్ద ప్యాకెట్‌ని కంటిచూపుతో ఐదు భాగాలు చేసి మడిచిపెట్టుకోవడం, రుచి కోసం పంచదార వేయడం, ఇవేవీ చేయొద్దు. కలిపాక కాచకూడదు, 24 గంటలు దాటితే పారబోయాలి.

ప్యాకెట్ దొరకని అర్ధరాత్రి అయితే లీటరు నీళ్లలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూన్ ఉప్పు, రెండూ తలకొట్టి కొలిచి వేయండి. ఇందులో పొటాషియం ఉండదు కాబట్టి తెల్లారగానే ప్యాకెట్ తెచ్చుకోవాలి. కొబ్బరినీళ్లలో పొటాషియం బాగానే ఉంటుంది, సోడియం చాలా తక్కువ, అందుకే అవి ఓఆర్‌ఎస్‌కి తోడు మాత్రమే. కూల్‌డ్రింకుల్లో లీటరుకి దాదాపు వంద గ్రాముల చక్కెర, ఓఆర్‌ఎస్‌కి ఏడు రెట్లు! వాటి జోలికి పోవద్దు.

అడుగు 3: వాంతుల మధ్యే పట్టించడం

గ్లాసెత్తి గటగటా తాగిస్తే కక్కేస్తాడు, "ఓఆర్‌ఎస్ పడట్లేదు" అని మనం ఆపేస్తాం. వాంతి అయ్యాక పది నిమిషాలు ఆగి, రెండు మూడు నిమిషాలకో టీస్పూన్ చొప్పున మొదలుపెట్టండి. పసివాళ్లకైతే మన ఉగ్గుగిన్నెని మించింది లేదు, దాని ముక్కుని పెదవి అంచున ఆనించి, నోట్లోకి వంచేయకుండా వాళ్లే చప్పరించేలా పట్టుకోవాలి. పెద్దవాడు మొండికేస్తే సూది లేని సిరంజితో బుగ్గ లోపలి వైపు కొంచెం కొంచెంగా. వాంతి చేసుకున్నా లోపల కొంత నిలుస్తూనే ఉంటుంది, లెక్క చూసి నిరుత్సాహపడకండి.

డీహైడ్రేషన్ లక్షణాలు లేకపోతే ప్రతి విరేచనానికీ రెండేళ్ల లోపు వాళ్లకి 50 నుంచి 100 మిల్లీలీటర్లు, ఆపైన 100 నుంచి 200. కొంత డీహైడ్రేషన్ కనిపిస్తే కిలోకి 75 మిల్లీలీటర్ల లెక్కన నాలుగు గంటల్లో పట్టించాలి, ఇది డాక్టరో ఏఎన్‌ఎమ్మో చూస్తుండగా చేయడం మంచిది. మావాడి 12 కిలోలకి అది 900 మిల్లీలీటర్లు, అంటే నిమిషం, నిమిషంన్నరకో స్పూన్. చెయ్యి నొప్పి పుడుతుంది, అందుకే ఇంట్లో ఇద్దరు మార్చుకోండి. తల్లిపాలు తాగే బిడ్డకి పాలు ఒక్క పూట కూడా ఆపొద్దు.

వాంతులు ఎంతకీ ఆగకపోతే డాక్టర్ ఒక డోసు ఆన్‌డాన్‌సెట్రాన్ ఇవ్వొచ్చు. పెద్దవాళ్ల విరేచనాల బిళ్ల మాత్రం పిల్లలకి వేయకండి, అది పేగుల కదలికని ఆపుతుంది, లోపలి జబ్బుని కాదు.

అడుగు 4: తిండి, ఇదే షుగర్‌కి మందు

వాంతులు కాస్త నెమ్మదించి, ఓఆర్‌ఎస్ నిలుస్తోందనుకున్న మూడు నాలుగు గంటల్లో తిండి మొదలుపెట్టాలి. ఆకలి లేదంటాడు, నిజమే. తిండి లేనప్పుడు ఒళ్లు కొవ్వుని కరిగించుకుంటుంది, దాంతో కీటోన్లు పుడతాయి, ఆ కీటోన్లు మళ్లీ వికారం పెంచుతాయి. నోటి దగ్గర మాగిపోయిన పండు వాసన, కొందరికి గోళ్ల రంగు తుడిచే మందు వాసన లాంటిది వస్తుంది. మా ఇంట్లో ఆ వాసన ముందు రాత్రే వచ్చింది, "కడుపు బాలేదుగా" అనుకుని వదిలేశాం.

రెండు స్పూన్ల మెత్తటి పెరుగన్నంతో చాలు. ఉప్పేసిన గంజి, ఇడ్లీ, అరటిపండు, పెసరపప్పు కట్టుతో అన్నం, నెయ్యి చుక్కేసిన ఉగ్గు, వాడికి అలవాటైనదేదైనా సరే. అన్నం, గంజి లాంటి పిండి పదార్థం మెల్లగా గ్లూకోజ్‌గా విడుదలవుతుంది, అందుకే తీపి డ్రింకు కంటే నయం. రోజుకి ఆరుసార్లు కొంచెం కొంచెంగా. సన్నగా ఉండే ఒకటిన్నర నుంచి ఐదేళ్ల పిల్లలు, ఇదివరకే ఒకసారి షుగర్ డౌన్ అయినవాళ్లు ఉంటే ఇంకా జాగ్రత్త. బాగా బక్కచిక్కి, పోషకాహార లోపంతో ఉన్న బిడ్డ అయితే ఇంటి వైద్యం వద్దు, వాళ్లకి ఓఆర్‌ఎస్ లెక్కలే వేరు.

అడుగు 5: ఆ రాత్రి

పగలంతా తినని బిడ్డ రాత్రి ఎనిమిదికి పడుకుని పొద్దున ఏడింటికి లేస్తే పదకొండు గంటల ఉపవాసం, పగటిది కలిపితే ఇరవై దాటుతుంది. కాబట్టి పడుకోబోయే ముందు ఏదో ఒకటి లోపలికి వెళ్లాలి, అర్ధరాత్రి ఒకసారి, మూడింటికి ఒకసారి లేపి పాలో గంజో ఓఆర్‌ఎస్సో పట్టించాలి. అలారం పెట్టుకోండి. లేపినప్పుడు మామూలుగా విసుక్కుని ఏడిస్తే సంతోషించండి. విసుక్కోవడానికి కూడా ఓపిక లేకుండా తల వాలుస్తుంటే అది నిద్ర కాదు.

అడుగు 6: షుగర్ మిషన్ ఉంటే

తాతయ్యదో నానమ్మదో మిషన్ చాలా ఇళ్లలో ఉంది. ముందు బిడ్డ చెయ్యి సబ్బుతో కడిగి పూర్తిగా తుడవండి, వేలికి ఓఆర్‌ఎస్ తడో అరటిపండు జిగురో ఉంటే 43 ఉన్నదాన్ని 120 చూపిస్తుంది. వేలి కొసన కాకుండా పక్కన గుచ్చాలి, కొత్త సూది వాడాలి. స్ట్రిప్ ఎక్స్‌పైరీ చూడండి. వంద లోపు రీడింగుల్లో 15 అటూఇటూ తేడా రావొచ్చు, అంచేత అంకె బాగుండి బిడ్డ బాగోకపోతే బిడ్డనే నమ్మండి.

70 కంటే తక్కువుండి మెలకువగా మింగుతుంటే, 200 మిల్లీలీటర్ల నీళ్లలో నాలుగు టీస్పూన్ల పంచదార కలిపి అందులో 30 నుంచి 50 మిల్లీలీటర్లు పట్టించి, పావుగంటకి మళ్లీ చూడండి. పెరిగితే వెంటనే తిండి. 54 లోపుంటే, లేదా పెరగకపోతే, పంచదార నీళ్లు పట్టిస్తూనే హాస్పిటల్‌కి బయల్దేరండి. మత్తులో ఉండి మింగలేకపోతే నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పక్కకి తిప్పి పడుకోబెట్టి, టీస్పూన్ పంచదారని రెండు చుక్కల నీళ్లతో తడిపి నాలుక కింద కొంచెం కొంచెంగా పెడుతూ తీసుకెళ్లాలి. ఫిట్స్ వస్తుంటే మాత్రం నోట్లో ఏమీ పెట్టకూడదు.

ఒక్కోసారి అంకె ఎక్కువ కూడా చూపిస్తుంది. ఒంటికి కష్టం వచ్చినప్పుడు షుగర్ తాత్కాలికంగా పెరగడం మామూలే. కానీ 200 దాటి, విరేచనాలు పెద్దగా లేకుండా వాంతులు, కడుపునొప్పి, లోతైన ఊపిరి, పైగా నోరు ఎండిపోయి ఉన్నా మూత్రం మాత్రం ధారాళంగా పోస్తున్నాడంటే అది కడుపు ఇన్ఫెక్షన్ కాకపోవచ్చు, కొత్తగా మొదలైన డయాబెటిస్ కావొచ్చు. ఎండిపోయిన బిడ్డ మూత్రం తగ్గాలి కదా, తగ్గలేదంటేనే అనుమానం. క్షణం ఆగొద్దు.

అడుగు 7: హాస్పిటల్లో

ఇవి కనిపిస్తే వెళ్లాల్సిందే: ఆరు నుంచి ఎనిమిది గంటలుగా మూత్రం లేకపోవడం, మలంలో రక్తం, ఆకుపచ్చగా పసరు కక్కడం, పొట్ట ఉబ్బడం, మత్తు, ఫిట్స్, వేగంగా లోతుగా ఊపిరి, ఏదీ నిలవకపోవడం.

వెళ్లగానే "షుగర్ చూశారా?" అని అడగండి, మొహమాటం వద్దు. మత్తుగా ఉన్న బిడ్డకి ఒక్క చుక్క రక్తంతో నిమిషంలో తేలే సంగతి అది. తర్వాత సోడియం, పొటాషియం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, బైకార్బొనేట్. పసిపిల్లల రక్తం పిండి పిండి తీస్తే కణాలు పగిలి పొటాషియం లేనిపోని ఎక్కువ చూపిస్తుంది, అందుకే డాక్టర్ రెండోసారి తీయమంటే విసుక్కోకండి. తీవ్రమైన డీహైడ్రేషన్‌కి రింగర్ లాక్టేట్ లాంటి ఉప్పు ఉన్న సెలైన్ ఎక్కిస్తారు, షుగర్ తక్కువుంటే డెక్స్‌ట్రోజ్, అంటే గ్లూకోజ్, విడిగా ఇస్తారు. మా బంధువుల పిల్లకి ఊళ్లో ఒక ఆర్‌ఎంపీ "గ్లూకోజ్ ఎక్కిస్తే బలం" అని ఉత్త గ్లూకోజ్ సీసా పెట్టాడు, అది లోపలికెళ్లాక ఉత్త నీళ్లతో సమానం, సాయంత్రానికి సోడియం ఇంకా పడి ఫిట్స్ వచ్చాయి.

సోడియం మరీ పెరిగితే దించడం నెమ్మదిగా, రెండు రోజుల మీద జరుగుతుంది. తొందరపడితే మెదడు వాస్తుంది, కాబట్టి "ఇంకా ఎందుకు ఇంటికి పంపట్లేదు" అని గొడవ పడకండి. పొటాషియం సాధారణంగా మూత్రం వచ్చాకే సెలైన్‌లో కలుపుతారు. అందుకే నర్సు మూత్రం గురించి పదేపదే అడుగుతుంది.

ఇంటికొచ్చాక

విరేచనాలు వారం దాకా కొంచెం కొంచెంగా ఉండొచ్చు, బిడ్డ ఆడుకుంటూ తింటూ ఉంటే భయం లేదు. రెండు వారాలు దాటితే మళ్లీ చూపించాలి. రోజూ తినేదానికి అదనంగా ఒక పూట రెండు వారాల పాటు పెట్టండి. ఇంట్లో ఏడాది లోపు బిడ్డ ఉంటే రోటావైరస్ చుక్కలు 6, 10, 14 వారాలకి పడ్డాయో లేదో కార్డు తీసి చూడండి. 2016లో ప్రభుత్వం వీటిని మొదలుపెట్టిన మొదటి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

జింక్ మాత్ర అందరూ మర్చిపోతారు. ఆరు నెలలు దాటితే రోజుకి 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలల వాళ్లకి 10, స్పూన్ నీళ్లలోనో తల్లిపాలలోనో కరిగించి 14 రోజులు. మూడో రోజుకి విరేచనాలు ఆగగానే మనం స్ట్రిప్ పక్కన పడేస్తాం. మా ఇంట్లో అయితే స్ట్రిప్ వెనక ఒక్కో మాత్ర మీద బాల్‌పెన్నుతో తేదీలు రాసి ఫ్రిజ్ డోర్‌కి టేప్ వేసి అంటించాం. వేసే డ్యూటీ అత్తమ్మదే, పద్నాలుగు రోజులూ ఒక్కటి కూడా తప్పలేదు.